గురక పిన్ని

లోకంలో గురక పెట్టేవాళ్ళు కోకొల్లలు. పెడతామని ఒప్పుకునేవాళ్ళు మాత్రం మచ్చుకైనా ఒక్కరు దొరకరు. "నేనా? గురకా? పక్కింటి కుక్క అయ్యుంటుంది" అనేవాళ్ళే అందరూ. ఆ రకంగా చూస్తే గురక పిన్ని కోటికొక్క మనిషి. ఎవరూ అడక్కముందే ఒప్పుకునేది. అదీ తప్పు ఒప్పుకున్నట్టు కాదు, బిరుదు చెప్పుకున్నట్టు.

ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేది. "ముందే చెప్తున్నా, నాది అలాంటిలాంటి గురక కాదు. ఇంట్లో చంటిపిల్లలుంటే, గుండె నీరసం మనుషులుంటే ఇప్పుడే చెప్పేయండి. మా ఇద్దరికీ ఆ చివరి గది పడేస్తే చాలు." పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో ఇంటావిడ కాఫీ తెచ్చిస్తే, "ఏమ్మా, గోడలు నిలబడే ఉన్నాయా?" అని తనే ముందు అడిగేది.

"భూకంపం అనుకుని ఆయన పిల్లల్ని లేపేశారు వదినా."

"అప్పుడేనా? అది సన్నది. అసలుది తెల్లవారుజామున కదా వచ్చేది!"

ఒకసారి అద్దె ఇంటి యజమాని మెట్లెక్కి వచ్చి, రాత్రిళ్ళు గదిలో ఏదైనా పిండిమర నడుపుతున్నారా అని అడిగాడు. పిండిమరకైతే కరెంటు రేటు వేరే అన్నాడు. పిన్ని కుట్టుమిషను ఆపి, రొమ్ము విరుచుకుని, "కరెంటు అక్కర్లేని మరండీ, నేనే" అంది. ఆ మనిషి ఆమెని కిందినుంచి మీదికి చూశాడు. పిన్ని పొట్టిగా, గుండ్రంగా, మెడ ఉందో లేదో తెలియనట్టుండేది. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆకారం చూశాక అనుమానం ఎవరికుంటుంది?

బాబాయి అందుకు పూర్తిగా వ్యతిరేకం. వెదురుకర్రకి చొక్కా తొడిగినట్టుండేవాడు. గడ్డం లేనట్టే వెనక్కి పోయిన చిన్న దవడ, గట్టిగా మాట్లాడితే ఎవరికైనా నొప్పి పుడుతుందేమోనన్నట్టుండే గొంతు. ఒక పత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పిన్ని గురక గురించి ఎవరైనా వేళాకోళం చేస్తే ఆయన మొహం చిన్నబోయేది. "పాపం, దాన్నేం అనకండి. నిద్రలో మనిషికి ఏం తెలుస్తుంది?" అనేవాడు. ఇంకా నొక్కి అడిగితే, "నిజమే, రాత్రి దాని గురకకి ఉలిక్కిపడి లేస్తూంటాను. గుండె దడదడలాడుతుంది. కానీ నేను లేచేసరికి అది కూడా లేచే ఉంటుంది, పిచ్చిది. దాని గురకకి అదే లేచిపోతుంది కాబోలు" అని జాలిపడేవాడు.

అందుకని బాబాయికి పగలు కునుకు వస్తే తప్పు ఆయనది కాదు. పెళ్ళాం చేతిలో నిద్ర పోగొట్టుకున్న మనిషి అని ఊళ్ళో అందరికీ ఆయనంటే సానుభూతి. క్షౌరశాలలో సగం గడ్డం గీయగానే నిద్రపోతే మంగలి రెండో సగం కోసం జాలిగా ఎదురుచూసేవాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి వాక్యం ముగించేలోపు బాబాయి గడ్డం గుండెకి ఆనేది. కళ్ళు తెరిచి, "ఊఁ, తర్వాత?" అనేవాడు. ఆ మనిషి అప్పటికే ఇల్లు చేరి ఉండేవాడు.

ప్రూఫులమీద కూడా నిద్రపోవడం మొదలయ్యాక చిక్కొచ్చిపడింది. ఒకరోజు పత్రికలో, నగరాధ్యక్షుడు నిన్న సభలో గంటసేపు 'ప్రసవించారు' అని అచ్చయింది. ప్రసంగించారు అని ఉండాలి. ఊరంతా నవ్వింది, నగరాధ్యక్షుడు తప్ప. ప్రెస్సు మేనేజరు పిన్ని ఇంటికి స్వయంగా వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, మీరు పెద్దవారు. దయచేసి కొంచెం మెల్లగా గురక పెట్టండి. మా పత్రిక పరువు మీ చేతిలో ఉంది" అన్నాడు.

"ప్రయత్నిస్తాను నాయనా" అంది పిన్ని.

ఆయన వెళ్ళాక పిన్ని కుట్టుమిషను ముందు కూర్చుంది. తర్వాత బాబాయి చొక్కాకి వీపుమీద ఒక జేబు కుట్టింది. అందులో గట్టి రబ్బరు బంతి ఒకటి పెట్టి, నోరు కుట్టేసింది. వెల్లకిలా పడుకుంటే వీపులో బంతి గుచ్చుకుంటుంది. చచ్చినట్టు పక్కకి తిరగాల్సిందే.

"ఇదేమిటే?" అన్నాడు బాబాయి.

"మీ నడుంనొప్పికి కొత్త వైద్యమట."

"నాకు నడుంనొప్పి లేదుగా?"

"చూశారా, పనిచేస్తోంది!"

పిన్ని మాట కాదనలేక ఏళ్ళ తరబడి ఆ బంతి చొక్కాతోనే పడుకున్నాడాయన. దీన్ని కూడా పిన్ని వెర్రితనాల్లో ఒకటిగా జమకట్టి అందరూ నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళలో పిన్ని అక్క కూతురు కూడా ఒకతె. మందుల షాపులో ఫార్మసిస్టు. పిన్ని ఆ పిల్లని 'మాత్రలమ్మా' అని పిలిచేది. పోనుపోను అందరికీ అదే అలవాటైంది.

నవ్వని రోజు ఒకటి వచ్చింది. మాత్రలమ్మ తల్లి జబ్బుపడి ఆస్పత్రిలో చేరింది. గొంతులో గొట్టం వేశారు. మాట లేదు. ఇక ఎన్నాళ్ళో లేదని డాక్టర్లు చెప్పేశారు. పిన్ని చిన్న సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని దిగింది. "రాత్రిళ్ళు అక్క దగ్గర నేనుంటాను. మీరంతా ఇంటికెళ్ళి పడుకోండి" అంది.

మాత్రలమ్మ అన్న ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "పిన్నీ, ఏమీ అనుకోకు. అమ్మకి నిద్ర చాలా అవసరం అంటున్నారు. నీ సంగతి నీకు తెలుసు కదా..."

పిన్ని నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. గుమ్మం దగ్గర బాబాయి సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనవంక చూసి నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "నేను పడుకోనులేరా. కుర్చీలో కూర్చునే ఉంటాను" అంది.

"కూర్చున్నా పడతావు పిన్నీ నువ్వు. నిలబడినా పడతావు" అని కోడలు నవ్వింది. అంత దుఃఖంలోనూ అందరికీ కాస్త నవ్వొచ్చింది. మంచంమీద తల్లి చెయ్యెత్తి అటూ ఇటూ ఊపింది. గొట్టం కదిలేంత గట్టిగా ఊపింది. "చూశావా, అమ్మ కూడా వద్దంటోంది" అన్నాడు అన్న. పిన్ని తలూపి సంచీ తీసుకుంది. బాబాయిని ఇంటికి పంపేసి, తను మాత్రం తలుపు బయట వరండాలో బల్లమీద కూర్చుంది. అక్కడే రాత్రిళ్ళు, అక్కడే పగళ్ళు. ఆ తల్లి పోయేటప్పుడు లోపల కోడలు కుర్చీలో నిద్రపోతోంది. బయట పిన్ని మెలకువగా ఉంది. నర్సు పిలిస్తే వెళ్ళేసరికి అయిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి మాత్రలమ్మ షాపుకి నెలనెలా బీపీ మాత్రలకొచ్చే పెద్దాయన రావడం మానేశాడు. నిద్రలో పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. "గురక బాగా పెట్టేవారు. మధ్యమధ్యలో ఆగిపోయేది. మేం నవ్వుకునేవాళ్ళం" అన్నాడతను. పక్క వీధిలో నిద్రజబ్బుల డాక్టరమ్మ ఉంది. ఆవిడని అడిగితే, గురక ఆగడమంటే ఊపిరి ఆగడమేననీ, అది రాత్రంతా జరుగుతుంటే గుండెకీ మెదడుకీ ముప్పనీ చెప్పింది. మాత్రలమ్మ అటునుంచి అటే పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని తప్ప ఆమెకి తల్లిలా మిగిలిన మనిషి ఇంకొకరు లేరు.

"పిన్నీ, డాక్టరు దగ్గరికి పద."

"ఎందుకే? ఆరోగ్యంగా గురక పెట్టుకుంటున్నా కదా."

"అది జబ్బు పిన్నీ."

"నాది జబ్బు గురక కాదు, వంశపారంపర్యపు గురక."

ఇలా నెలల తరబడి దాటేసింది. కానీ ఒకరోజు బాబాయి ప్రెస్సు మెట్లు దిగుతూ, దిగుతూనే కునుకు పట్టి కిందపడ్డాడు. మణికట్టు విరిగింది. దిద్దే చెయ్యి అదే. కట్టు విప్పాక రమ్మన్నారు ప్రెస్సువాళ్ళు గానీ, చెప్పిన తీరు చూస్తే మళ్ళీ రావద్దన్నట్టే ఉంది. ఆ సాయంత్రం పిన్ని తనే మందుల షాపుకి వచ్చింది. "మాత్రలమ్మా, ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అంది. గొంతులో ఎప్పుడూ ఉండే డప్పు లేదు.

డాక్టరమ్మ దగ్గర మాత్రం మళ్ళీ మామూలు పిన్నే. పరీక్షకి ముందే వైద్యాలన్నీ ఏకరువు పెట్టించింది. ముక్కుకి ముసుగు తగిలించి గాలి ఊదే మిషను ఒకటుందట. ఆ గాలి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుందట. కింది దవడని కాస్త ముందుకి లాగి పట్టే పళ్ళసెట్టులాంటిది ఇంకొకటి. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకున్నా కాస్త తగ్గుతుందట. కొందరికి ఆపరేషను. లావుగా ఉంటే తగ్గమంటారు.

"లావు లేకపోతే?" అంది పిన్ని.

డాక్టరమ్మ ఆమెవంక చూసింది. "మీరు..."

"మాటవరసకి. ఒకవేళ మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడనుకోండి. దవడ చిన్నది. అలాంటివాళ్ళకి గురక వస్తుందా?"

"బ్రహ్మాండంగా వస్తుంది. దవడ చిన్నదైతే గొంతులో దారి ఇరుకు."

"ఆపరేషను పనికొస్తుందా అలాంటి మనిషికి? పళ్ళసెట్టు నోట్లో ఉండగా దగ్గొస్తే ఎలా? నిద్రలో ముసుగు పీకేసుకుంటే? అసలు... నిద్రలో ఉండగా, ఆ మనిషికి తెలియకుండా తగిలించొచ్చా?"

మాత్రలమ్మ సిగ్గుతో తల దించుకుంది. పిన్నికి మతి తప్పుతోందేమో అనుకుంది.

ఆ రాత్రి పిన్నిని పరీక్ష గదిలో పడుకోబెట్టి తలకీ ఛాతీకీ తీగలు అంటించారు. మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈవిడకి గురక లేదు" అంది.

"లేదా?" అంది మాత్రలమ్మ.

"కొత్త చోటు కదా, సిగ్గుపడినట్టుంది" అంది పిన్ని.

"గురక కాదమ్మా, ఈవిడకి అసలు నిద్రే లేదు. కళ్ళు మూతపడతాయి, కాసేపటికి ఉలిక్కిపడి లేస్తారు. లేచిన ప్రతిసారీ పక్కకి చెయ్యి చాపి మంచాన్ని తడుముతున్నారు. తట్టుతున్నారు. పరీక్ష గదిలో మా టెక్నీషియన్ అబ్బాయి రాత్రంతా చూశాడు. పక్కన ఎవరూ లేరు. తడిమి, ఎవరూ లేరని గుర్తొచ్చి, మళ్ళీ పడుకుంటున్నారు." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఎవరిని తట్టి లేపుతారమ్మా మీరు?"

పిన్ని తన కుడిచేతివంక చూసుకుంది. అది తనని పట్టించేసిందన్నట్టు దాన్ని ఒడిలో దాచుకుంది.

బయటికొచ్చి ఆస్పత్రి గోడ పక్కన బల్లమీద కూర్చున్నారు ఇద్దరూ. మాత్రలమ్మకి ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఒకసారి బస్సులో వెళ్తుంటే బస్సంతా అదిరేలా గురక. కండక్టరు వచ్చి చూస్తే పిన్ని కిటికీ పక్కన కూర్చుని బటన్లు కుడుతోంది. పక్కన బాబాయి ఆమె భుజంమీద తల వాల్చి ఉన్నాడు. "నాదేనయ్యా" అంది పిన్ని. "మెలకువగా ఉండి గురకేంటమ్మా?" అన్నాడు కండక్టరు. "నాకు రెండూ ఒకేసారి వచ్చు" అంది. బస్సంతా నవ్వింది. ఎంత నవ్విందంటే, ఆమె చెప్పింది అబద్ధమని ఎవరికీ తట్టలేదు.

"బాబాయిదా పిన్నీ?"

పిన్ని రోడ్డువంక చూస్తూ చెప్పింది.

"కాలేజీ హాస్టల్లో ఉండేటప్పుడు ఆయన్ని మంచంతో సహా ఎత్తుకెళ్ళి వరండాలో పడేసేవాళ్ళట. వాన పడుతున్నా సరే. ఒకరోజు నిద్రలో నోట్లో గుడ్డ కుక్కారట. ఊపిరాడక గిలగిల్లాడితే చుట్టూ నిలబడి నవ్వారట. పరీక్షలు రాయకుండానే ఇంటికొచ్చేశారు. క్లాసులో మొదటివాడే మీ బాబాయి. పెళ్ళయిన కొత్తలో రెండు రాత్రులు గోడకి ఆనుకుని కూర్చున్నారు, పడుకోరే! మూడోనాడు ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టింది. ఇల్లు అదిరిపోయింది. పొద్దున లేచి నావంక చూశారు చూడు... దెబ్బకి కాచుకునే పిల్లాడు చూస్తాడే, అలాగ. 'నాకు గురక... వినపడిందా?' అన్నారు. నా నోటికి అదే వచ్చేసింది. 'ఎక్కడండీ? చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు' అన్నా. అప్పుడు నవ్వారు. ఆ మనిషికి నవ్వు వచ్చునని అప్పుడే తెలిసింది నాకు." చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒకసారి అన్నాక వెనక్కి ఎలా తీసుకుంటానే? తర్వాత మీ తాతగారింట్లో పడుకుంటే పొద్దున్నే అందరూ 'రాత్రి ఎవరా దున్నపోతు?' అన్నారు. ఆయన మొహం పాలిపోయింది. 'నేనే' అనేశా. అంతే. ఏముంది అందులో, నాకు చిన్నప్పట్నుంచీ నవ్వించడం అలవాటేగా."

మాత్రలమ్మకి ఆస్పత్రి వరండాలో బల్ల గుర్తొచ్చింది. "అమ్మ దగ్గర కూడానా పిన్నీ?"

పిన్ని కళ్ళు మూసుకుంది.

"అన్నయ్యకి ఒక్కమాట చెప్పుంటే..."

"ఆయన గుమ్మంలోనే ఉన్నారు కదే. తర్వాత చెప్పినా ఆయన చెవిన పడకుండా ఉంటుందా?"

"మరి అమ్మ? అమ్మ చెయ్యి ఊపి వద్దంది కదా."

"వద్దనలేదు" అంది పిన్ని. "ఇద్దరం ఒకే మంచంమీద పడుకుని పెరిగినవాళ్ళం. నాకు గురక లేదని మా అక్కకి తెలియదూ? మాట లేక, చెయ్యి ఊపి చెప్పింది. మీకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అదొక్కటి చాలనుకుని వరండాలో కూర్చున్నా."

రోడ్డుమీద బళ్ళు పోతూనే ఉన్నాయి.

తెలియకుండా వైద్యం చేయడం కుదరదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అయినా పిన్ని ఆశ చావలేదు. "నాకు భయంగా ఉందండీ, మీరూ తోడు పరీక్ష చేయించుకోండి" అని బాబాయిని బతిమాలింది. ఆమె భయపడటం ఎప్పుడూ చూడని బాబాయి వెంటనే సరేనన్నాడు. ఫలితం వచ్చిన రోజు పిన్ని డాక్టరమ్మకి కళ్ళతో, కనుబొమలతో, చివరికి చీరచెంగుతో కూడా సైగలు చేసింది. డాక్టరమ్మ చూడనట్టే ఊరుకుంది. "మీకు నిద్రలో ఊపిరి ఆగిపోతోందండీ. చాలాసార్లు. బాగా ముదిరింది" అంది సూటిగా బాబాయితో.

బాబాయి ఆ కాగితం ఇమ్మని అడిగాడు. కట్టున్న చేత్తో పట్టుకుని, ఎడమచేతి వేలు అక్షరాల కింద పెట్టి, ప్రూఫు చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. జేబులోని ఎర్ర పెన్సిలుకోసం తడుముకున్నాడు.

"ఇందులో పేరు తప్పు పడింది. ఇది మా ఆవిడది" అన్నాడు.

"తప్పు లేదండీ."

"ఉంటుందండీ. ఎక్కడో ఒకచోట ఉంటుంది. ముప్పయ్యేళ్ళు దిద్దాను నేను, నాకు తెలుసు." మెల్లగా తలతిప్పి పిన్నివంక చూశాడు. పిన్ని కుడిచేతిని మళ్ళీ చీరచెంగు కింద దాచుకుంది.

పిన్ని దేనికి భయపడిందో అదే జరిగింది. ఇంటికెళ్ళగానే బాబాయి తన పరుపు చుట్టి తీసుకెళ్ళి, ముందుగదిలో కుట్టుమిషను పక్కన వేసుకున్నాడు. తలుపు గడియ పెట్టుకున్నాడు. మందూ వద్దు, మాకూ వద్దు. పిలిస్తే పలకడు. మాత్రలమ్మ వెళ్ళి తలుపు కొడితే తీశాడు గానీ, మొహం చూపించలేదు.

"ఆపరేషను చేయించమ్మా. గొంతు కోసేయమను, పీడా పోతుంది."

"మీకు ఆపరేషను వల్ల అంత ఉపయోగం లేదన్నారు బాబాయ్. పళ్ళసెట్టు కూడా చాలదట, బాగా ముదిరింది కదా. ముసుగు మిషనే మంచిదట."

"ముసుగేసుకుని మనుషుల మధ్య పడుకోవాలా నేను? చాలమ్మా. ఇంక ఎవరి పక్కనా పడుకోను. అప్పుడే వరండాలో ఉండిపోయుంటే సరిపోయేది. నావల్ల అది... వాళ్ళ అక్క ఆఖరి ఘడియల్లో..." ఆయన పూర్తిచేయలేకపోయాడు. చిన్నపిల్లాడిలా, చప్పుడు కాకుండా ఏడ్చాడు. ఏడుపుకి కూడా ఎవరికైనా నిద్రాభంగం అవుతుందేమో అన్నట్టు.

అప్పుడు పిన్ని వంటింట్లోంచి వచ్చింది. మాత్రలమ్మ ఆమెని అంత కోపంగా ఎన్నడూ చూడలేదు.

"ఏమండీ, మీ గురకని నేనేదో త్యాగం చేసి మోశాననుకుంటున్నారా? అంత సీను లేదు. మీ గురక నాకెప్పుడూ బరువు కాలేదు. అది వినపడుతున్నంతసేపూ హాయిగా ఉండేది, మనిషి ఉన్నాడని. అది ఆగితేనే నాకు చావొచ్చేది. ఆగినప్పుడల్లా, ఈసారి మళ్ళీ మొదలవుతుందో లేదోనని చెయ్యేసి తట్టేదాన్ని. ఇన్నేళ్ళూ నేను మేలుకున్నది చప్పుడుకి కాదు, నిశ్శబ్దానికి. ఇప్పుడు మీరు తలుపేసుకుంటే, ఈ గోడ అవతలనుంచి నాకేం వినపడుతుంది? ఎలా తట్టను? చెప్పండి!"

బాబాయి మొహం ఎత్తాడు.

"మీకు సిగ్గుగా ఉంటే నాకు చెప్పకండి. నాకు సిగ్గనేదే లేదని ఊరందరికీ తెలుసు. నా దగ్గర కాస్త అరువు తీసుకోండి ఆ సిగ్గులేనితనం" అంది పిన్ని. అని, గోడకి తల ఆనించి, చాలా అలిసిపోయిన మనిషిలా నిలబడింది. ఆమె కళ్ళకింద నల్లటి గుంటలు మాత్రలమ్మ అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. నవ్వే మొహంలో అవి ఎవరికి కనపడతాయి?

బాబాయి లేచాడు. పరుపు చుట్టి చంకన పెట్టుకున్నాడు. "ఎలా పెట్టుకోవాలమ్మా ఆ ముసుగు?" అని అడిగాడు.

మిషను వచ్చిందిగానీ సుఖం వెంటనే రాలేదు. మొదట్లో ముసుగు పక్కనుంచి గాలి తప్పించుకుని ఈలలు వేసేది. ముక్కు ఎండిపోయేది. నిద్రలో పీకి విసిరేసేవాడు. "ఏనుగులా ఉన్నానా?" అని గొట్టం లోంచి అడిగితే ఆ మాట బావిలోంచి వచ్చినట్టుండేది. "ఏనుగులు నిద్రపోతాయి. మీరూ పడుకోండి" అనేది పిన్ని, ముసుగు పట్టీ సర్దుతూ. ముక్కు ఒరుసుకుపోకుండా మెత్తటి గుడ్డతో పట్టీకి తొడుగు కుట్టిపెట్టింది. డాక్టరమ్మ ముసుగు రెండుసార్లు మార్చింది. మెల్లమెల్లగా ఒంటికి పట్టింది. బాబాయికి పగటి కునుకులు తగ్గాయి. ప్రెస్సులో మళ్ళీ కూర్చోనిచ్చారు, పూర్తి పనికి కాదు, సగం పూటకి. విరిగిన మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. పోయినవన్నీ తిరిగి రావు కదా.

పని మొదలుపెట్టిన వారంలోనే బాబాయి ఒక్కడే బయల్దేరి మాత్రలమ్మ అన్న ఇంటికి వెళ్ళాడు. అక్కడ ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం అన్న పిన్ని ఇంటికొచ్చి, ఆమె పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. "లేవరా, మిషను కింద దారాలున్నాయి, ప్యాంటుకి అంటుకుంటాయి" అంది పిన్ని. వాడి తల నిమురుతూనే ఉంది, చాలాసేపు.

ఆ తర్వాత ఒక సెలవురోజు మధ్యాహ్నం మాత్రలమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. వీధి తలుపు తీసే ఉంది. బాబాయి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో ప్రూఫులు పెట్టుకుని దిద్దుకుంటున్నాడు. కళ్ళు మిలమిల మెరుస్తున్నాయి. కుట్టుమిషనుమీద సగం కుట్టిన గౌను అలాగే వదిలేసి ఉంది. బట్టలకొచ్చిన ఒక గిరాకీని ఆయన అప్పుడే వేలు పెదవులమీద పెట్టి వెనక్కి పంపిస్తున్నాడు.

లోపల్నుంచి ఒక చప్పుడు వస్తోంది. పెద్దదేమీ కాదు. మరుగు పట్టబోయే నీళ్ళ గిన్నెలా సన్నగా, తెరలు తెరలుగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

మాత్రలమ్మ కంగారుగా, "అదేంటి బాబాయ్, మిషను పాడైందా?" అంది.

బాబాయి ఆనందం పట్టలేని మొహంతో, గొంతు బాగా తగ్గించి, "మిషను బానే ఉంది. అది మీ పిన్ని. పొద్దున్నే కాఫీ తాగి నడుం వాల్చింది, ఇంకా లేవలేదు" అన్నాడు.

"గురకా! పిన్నా?"

"ష్! ఇన్నేళ్ళకి ఒక్క నిజం చెబుతోంది. లేపకు."